పదిహేను వేల లోపు లేడీస్ హైబ్రిడ్ సైకిల్: డబ్బు ఎక్కడ పెట్టాలి

ఒకే ధరకు రెండు హైబ్రిడ్ సైకిళ్లు, అంటే రోడ్డు, మౌంటెన్ రకాలకు మధ్యస్థంగా ఉండేవి, చూపించారనుకోండి. ఒకదానికి 21 గేర్లు, ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు. రెండోదానికి 7 గేర్లు, మామూలు ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే గొట్టాల జత), రిమ్ పట్టే వి-బ్రేకులు. రెండోదే తీసుకోండి. అదే డబ్బులో అన్ని హంగులు ఇమిడ్చారంటే ఒక్కో సామానులో నాణ్యత తగ్గించే ఇచ్చారు. ఈ ధరలో వచ్చే స్ప్రింగ్ ఫోర్కు బరువు రెండు కిలోలు దాటుతుంది, తొక్కిన బలంలో కొంత తినేస్తుంది, రెండు వానాకాలాలు గడిచేసరికి తుప్పు పట్టి బిగుసుకుంటుంది. గతుకుల రోడ్డుకు 38 నుంచి 42 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు చాలు, ఆ కుదుపు అవే మింగుతాయి.

అయితే అన్నిటికన్నా ముందు చూడాల్సింది కొలత. 'లేడీస్' అన్న స్టిక్కరు, లేత రంగు కొలత చెప్పవు. మామూలుగా 5 అడుగుల నుంచి 5 అడుగుల 3 అంగుళాల ఎత్తువారికి 15, 16 అంగుళాల ఫ్రేమ్, 5.4 నుంచి 5.7 వరకు 17, 18 అంగుళాలది సరిపోతుంది. కంపెనీకో లెక్క ఉంటుంది కాబట్టి ఎక్కి చూడందే తేల్చుకోవద్దు. అడ్డగొట్టం నేలకు సమాంతరంగా ఉంటే, దాని మీదుగా రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడినప్పుడు కనీసం మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. గొట్టం కిందికి వంగిన ఫ్రేమ్‌లో ఈ ఖాళీ ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి అక్కడ చూడాల్సింది హ్యాండిల్ దూరం. సీటు మీద కూర్చుని గ్రిప్పులు పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగాలి. చేతులు కర్రల్లా చాచుకుపోతే ఫ్రేమ్ పొడవెక్కువైనట్టే. కొందరు షాపువాళ్లు సీటును ముందుకు జరిపి సర్దేస్తారు, దానివల్ల మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి. హ్యాండిల్‌ను పట్టుకునే స్టెమ్‌ను 60, 70 మిల్లీమీటర్లదిగా మార్పించుకోవడమే సరైన మార్గం.

బ్రేకు లివర్ దూరం గురించి ఎవరూ చెప్పరు, ఇబ్బంది మాత్రం చిన్న చేతులవారికే. మణికట్టు వంచకుండా చూపుడు వేలు చాచితే మొదటి కణుపు లివర్ మీద పడాలి. వేలి కొస మాత్రమే అందితే గట్టిగా ఆపాల్సిన క్షణంలో పట్టు చాలదు. లివర్ మొదట్లో, గ్రిప్పుకు దగ్గరగా చిన్న స్క్రూ ఉంటుంది. ఆలెన్ కీతోనో స్క్రూడ్రైవర్‌తోనో దాన్ని లోపలికి తిప్పితే లివర్ దగ్గరికి వస్తుంది. తర్వాత బ్రేకు బాగా పడుతోందో, బ్లాకులు రిమ్‌కు రాసుకుంటున్నాయో చూసి కేబుల్ సర్దాలి. ఆ స్క్రూ లేని లివర్లున్న సైకిల్ చిన్న చేతులవారికి వద్దు.

మెత్తటి దళసరి సీటు షాపులో హాయిగా ఉంటుంది, అరగంట తొక్కితే తిమ్మిరెక్కిస్తుంది. బరువు మోయాల్సింది పిరుదుల కింది రెండు ఎముకలు. గట్టి కుర్చీ మీద అట్టపెట్టె ముక్క వేసుకుని ఒక నిమిషం కూర్చోండి. పడిన రెండు సొట్టల మధ్య దూరం కొలిచి, దానికి రెండు మూడు సెంటీమీటర్లు కలిపితే కావాల్సిన సీటు వెడల్పు వస్తుంది.

చీర, చుడీదార్‌తో తొక్కేవారు పెడళ్ల దగ్గర ఒకే పళ్ల చక్రం ఉన్నది ఎంచుకోండి. మూడు చక్రాలుంటే చైను అటూ ఇటూ జరగాలి కాబట్టి పూర్తి చైన్ కవర్ పట్టదు. వెనక చక్రానికి జాలీ గార్డు తప్పనిసరిగా పెట్టించండి. చున్నీ కొస చువ్వల్లో చుట్టుకుంటే మెడకే ప్రమాదం. విజయవాడ లాంటి చదును రోడ్లకు ముందు ఒక్క పళ్లచక్రం, వెనక 7 గేర్లు ఎక్కువే. విశాఖ ఎత్తులకు, జూబ్లీహిల్స్ వాలులకు వెనక పెద్ద పళ్లచక్రానికి కనీసం 32 పళ్లు ఉండాలి.

ఈ ధరలో ఎక్కువగా దెబ్బతినేది వెనక చక్రం ఇరుసు. పళ్లచక్రాల కట్టను మరతో బిగించే ఫ్రీవీల్ రకం హబ్‌లో (చక్రం మధ్య భాగం) కుడివైపు బేరింగు బాగా లోపలికి ఉంటుంది, బయటికి మిగిలిన ఇరుసు గుంతల్లో వంగుతుంది. బేరింగు అంచుకు దగ్గరగా ఉండే క్యాసెట్ రకం దొరికితే కొంచెం ఎక్కువైనా పెట్టొచ్చు. చక్రాన్ని పైకెత్తి తిప్పి బ్రేకు బ్లాకు దగ్గర చూడండి. రిమ్ రెండు మిల్లీమీటర్లకు మించి ఊగితే అక్కడే సరిచేయించండి. రెండేసి చువ్వలు కలిపి నొక్కితే ఏదీ మెత్తగా తగలకూడదు. ట్యూబు వాల్వు మోటార్‌సైకిల్ రకమైతే పెట్రోలు బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు. సన్నటి ప్రెస్టా వాల్వుకు చిన్న అడాప్టర్ వెంట ఉండాలి.

పాతది కొంటుంటే స్కేలు తీసుకెళ్లండి. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను మధ్య రావాలి. అది అంగుళంలో పదహారో వంతు దాటిపోతే చైను మార్చాలి, ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్లచక్రాలు కూడా పోయినట్టే. ఆ ఖర్చు బేరంలో తగ్గించమనండి.

ఆన్‌లైన్‌లో కొన్న సైకిల్ సగం బిగించి వస్తుంది. అక్కడ రెండు తప్పులు తరచుగా జరుగుతాయి. ఒకటి, ఫోర్కు వెనక్కి తిరిగి ఉండగానే హ్యాండిల్ బిగించేయడం. ముందు బ్రేకు సైకిల్‌కు ముందువైపు కనిపించాలి. రెండోది ఎడమ పెడల్. దాని మర రివర్సు, గడియారానికి ఎదురు దిశలో బిగుస్తుంది. మొదటి రెండు మూడు చుట్లు వేళ్లతోనే తిప్పండి. బలవంతంగా స్పానర్ వేస్తే క్రాంక్ (పెడల్ బిగించే చేయి) మర చెడిపోతుంది.

బడ్జెట్‌లో రెండు వేలు హెల్మెట్, తాళం, లైట్లు, పంపు కోసం ముందే పక్కన పెట్టండి. తొలి 100, 150 కిలోమీటర్ల తర్వాత చువ్వలు సర్దుకుంటాయి, కేబుళ్లు సాగుతాయి. అప్పుడు సర్వీసు చేయించేటప్పుడు క్రాంకు బోల్టులు మళ్లీ బిగించమని నోరు తెరిచి అడగండి. వదులైన క్రాంకుతో వారం తొక్కితే దాని చతురస్రపు రంధ్రం అరిగిపోతుంది. తర్వాత ఎంత బిగించినా నిలవదు, కొత్త క్రాంకే కొనాలి.