ఉగాదికి ముందు సరిచూసుకోవలసినవి

ముందుగా తేదీ. సూర్యోదయ వేళకు చైత్ర శుద్ధ పాడ్యమి ఉన్న రోజే ఉగాది కనుక, అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్నవారు ఇక్కడి క్యాలెండరును కాక తమ ఊరికి గణించిన పంచాంగాన్నే చూడాలి. లేకుంటే పండుగ ఒక రోజు తప్పిపోవచ్చు.

వేపపువ్వును పురుగుమందు చల్లని, రోడ్డు దుమ్ము పడని చెట్టు నుంచే కోసి, కాడలు ఏరి, అరచేతులతో నలిపి చెరగాలి. పచ్చడికి ప్రాణం ఆ చేదే కాబట్టి, పిల్లలు తినరని దాన్ని మానేయవద్దు.

కొత్త చింతపండు పులుసును కళాయి (లోపలి తగరపు పూత) లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో ఉంచకూడదు. పులుపుకు లోహం కరిగి పచ్చడిలో దిగుతుంది. మట్టి కుండ శ్రేష్ఠం.

మామిడికాయను చివర్లోనే తరగాలి. ముందే కోస్తే ముక్క నల్లబడుతుంది.