నా వ్యాసం వెనక నేనే పడ్డాను

ఆవకాయ జాడీకి బూజు పట్టకుండా చూసుకోవడం గురించి నేను నా సైటులో రాసిన వ్యాసాన్ని ఒక పెద్ద సైటు అడిగి మరీ వేసుకుంది. సంబరపడ్డాను. నెల తిరగకుండానే నా వాక్యాన్నే గూగుల్‌లో వెతికితే వాళ్ల పేజీ పైన ఉంది, నాది లేదు.

గూగుల్ నా సైటుకు శిక్ష వేసిందేమోనని హడలిపోయాను. కాదు, ఒకే వ్యాసం రెండు చోట్ల ఉంటే గూగుల్ సాధారణంగా ఒకదాన్నే చూపిస్తుంది. సైటు యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో చూస్తే ‘గూగుల్ ఎంచుకున్న కెనానికల్’, అంటే అసలు పేజీగా లెక్కించినదాని దగ్గర వాళ్ల చిరునామా! అద్దెకున్నవాడి పేరున పట్టా రాసినట్టుంది.

ముందు వాళ్ల పేజీలో ‘అసలు పేజీ ఇదీ’ అని నా పేజీని చూపే కెనానికల్ ట్యాగు పెట్టించాను. లాభం లేదు. అది సూచనే తప్ప ఆజ్ఞ కాదు. ఇలాంటి పునఃప్రచురణకు దాన్ని సిఫారసు చేయబోమని గూగులే 2023లో చెప్పింది. చివరికి బతిమాలి, వాళ్ల పేజీని వెతుకులాట ఫలితాల్లో చూపించొద్దని చెప్పే నోఇండెక్స్ ట్యాగు పెట్టించాను. మూడు వారాలకు నా పేజీ తిరిగి కనిపించింది.