కారు షెడ్డుకు బయటికి తెరుచుకునే చెక్క తలుపులు చేయించుకోవడం ఎలా?

సింహద్వారం విషయంలో నెలల తరబడి ఆలోచించేవారు కూడా కారు షెడ్డుకు షట్టరు బిగించి ఊరుకుంటారు. అక్కడా టేకుతో రెండు రెక్కల తలుపులు చేయించుకోవాలని ముచ్చటపడేవారు ముందుగా ఒక సంగతి గుర్తించాలి. ఇవి కొంచెం పెద్ద సైజు ఇంటి తలుపులు కావు. షెడ్డు రెక్క ఒక్కొక్కటి నాలుగున్నర అడుగుల వెడల్పు ఉంటుంది, ఎండకూ వానకూ నేరుగా గురవుతుంది, పైగా బయటికి తిరుగుతుంది. కాబట్టి రెక్క ఎక్కడ తిరుగుతుంది, దాని బరువు ఎక్కడ పడుతుంది అన్న రెండు ప్రశ్నలు తేలాకే చెక్క మాట ఎత్తాలి.

మొదటి ప్రశ్నకు జవాబు నేల మీదే దొరుకుతుంది. షెడ్డు ద్వారం 9 అడుగులైతే, 4.5 అడుగుల తాడును ఒక స్తంభం మూలలో పట్టి ఉంచి, రెండో కొసతో ముగ్గుపిండి గీత గీయండి. రెండో వైపూ అలాగే గీయండి. ఆ రెండు గీతల లోపల మెట్టు, పూలకుండీ, మోటారు గొట్టం, ఆపిన స్కూటరు వంటివేవీ ఉండకూడదు, గీత మీ స్థలం దాటి రోడ్డు మీదికి పోకూడదు. ఆ తరువాత వాలు చూడాలి. మన పట్టణాల్లో పాత రోడ్డు మీదే కొత్త పొర వేస్తూ పోవడం వల్ల ఇళ్లు పల్లంలో పడి, ర్యాంపు షెడ్డు నుంచి రోడ్డు వైపు ఎక్కుతూ ఉండడం మామూలైపోయింది. అటువంటి ర్యాంపు 10 అడుగులకు 1 అడుగు చొప్పున ఎక్కితే, రెక్క పూర్తిగా తెరిచేసరికి దాని అంచు దగ్గర నేల దాదాపు 5 అంగుళాలు లేచి ఉంటుంది. అంత ఎత్తున తలుపు కింద సందు వదిలితే కుక్కలు నిక్షేపంగా లోపల కాపురం పెడతాయి. షెడ్డు ముందు 5 అడుగుల మేర నేలను సమంగా చేసి, ర్యాంపును దాని అవతల మొదలుపెట్టి, మధ్యలో నీరు పోవడానికి జాలీ కాలువ పెట్టించడమే సరైన మార్గం. అందుకు చోటు లేకపోతే బయటికి తిరిగే తలుపుల ఆలోచన మానుకోవడం మేలు.

రెండో ప్రశ్న బరువు. 4.5 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు గల రెక్కకు 2 అంగుళాల మందం చట్రం, ముప్పావు అంగుళం పలకలు వేస్తే సుమారు 4 ఘనపుటడుగుల కలప పడుతుంది. ఘనపుటడుగు టేకు దాదాపు 18 కిలోలు తూగుతుంది కనుక ఒక్కో రెక్క 70 కిలోలు దాటుతుంది. కింది బందుకూ పై బందుకూ మధ్య 6 అడుగుల దూరం ఉంటే, తలుపు ఊరికే వేలాడుతున్నప్పుడే పై బందు స్తంభాన్ని సుమారు 27 కిలోల బలంతో ఇవతలికి లాగుతూ ఉంటుంది. తలుపు కనబడగానే ఎక్కి ఊగే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. 30 కిలోల పిల్లవాడు రెక్క చివర వేలాడితే ఆ లాగుడు 50 కిలోలకు చేరుతుంది. ఇటుక గోడలో సిమెంటుతో పూడ్చిన హోల్డ్‌ఫాస్టులు (తలుపును గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు) దీన్ని ఎక్కువ కాలం భరించలేవు. రెండు వైపులా కాంక్రీటు స్తంభాలు ఉండాలి. కొత్తగా పోస్తున్నట్లయితే బందులు వచ్చే చోట ఇనుప పలకలను లోపలి ఊచలకు వెల్డింగ్ చేయించి, ఆపైన కాంక్రీటు పోయించాలి.

బందులు దుకాణంలో దొరికే 4 అంగుళాల మడత బందులైతే చాలవు. రెక్క వెడల్పులో సగం దాకా సాగే పట్టీ బందులను 6 మిల్లీమీటర్ల ఇనుప పట్టీతో వెల్డింగ్ షాపులో చేయించి, జింకు పూత పెట్టించి, రెక్కకు మూడేసి వాడాలి. వాటిని మరలతో కాక, చెక్కలో ఈ వైపు నుంచి ఆ వైపుకు దూసుకుపోయే బోల్టులతో బిగించాలి.

ఇప్పుడు కలప. టింబర్ డిపోల్లో బల్లార్షా టేకు, ఆదిలాబాద్ టేకు, ఆఫ్రికా దేశాల నుంచి దిగుమతైన టేకు అని రకరకాల పేర్లు, ధరలు చెబుతారు. పేరు కన్నా దుంగ కొస చూడడం ముఖ్యం. మధ్యలోని ముదురు రంగు చేవ ఎంత, చుట్టూ ఉన్న తెల్ల ఎంత అన్నది అక్కడే తెలుస్తుంది. తెల్ల భాగాన్ని చెద, పురుగు తేలికగా పట్టుకుంటాయి కనుక బయటి తలుపులకు అది పనికిరాదు. తేమ కొలిచే చిన్న మీటరు తీసుకువెళ్లి, పైపైన కాక, కోసిన ముఖం మీద పెట్టి చూడండి. 12 శాతానికి అటూ ఇటూ ఉంటే నిశ్చింతగా కొనవచ్చు. కూల్చిన పాత ఇళ్ల దూలాలు దొరికితే ఇంకా మంచిది, అవి ఎండవలసినంత ఎండి ఉంటాయి. అయితే లోపల మేకులు దాగి ఉంటాయని కోత మిల్లువారు విసుక్కుంటారు. లెక్క మీరే వేసుకోండి. 7 అడుగుల పొడవు, 5 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల మందం ఉన్న చట్టానికి 7ను 5తో, 2తో హెచ్చించి 144తో భాగిస్తే 0.49 ఘనపుటడుగు వస్తుంది. చిత్రిక పట్టాక మందం పావు అంగుళం దాకా తగ్గుతుంది కాబట్టి కావలసినదానికన్నా ఆ మేరకు ఎక్కువ కోయించాలి. కలప మీరే కొని బిల్లు మీ పేరున తీసుకుని, వడ్రంగి మేస్త్రికి మజూరీ విడిగా మాట్లాడుకుంటే తరువాత పేచీలు రావు.

మేస్త్రి నునుపు పనితనాన్ని చూపించి మురిపిస్తాడు. మీరు అతుకులు చూడండి. అడ్డచట్టం కొసను నాలుకలా చెక్కి, నిలువుచట్టం రంధ్రంలో దించి, చెక్క మేకుతో బిగించిన అతుకే ఇంత రెక్కను మోస్తుంది. పలకలను మాత్రం గాడిలో వదులుగా నిలపాలే తప్ప ఫెవికాల్‌తో అతికించకూడదు, ఎందుకంటే వానకు ఉబ్బి ఎండకు కుంచించుకోవడానికి చోటు లేకపోతే అవి పగులుతాయి. రెక్క వాలకుండా పెట్టే ఏటవాలు కర్ర, కింద బందు ఉన్న మూల నుంచి మొదలై, పైన రెండు రెక్కలు కలిసే మూలకు ఎక్కాలి. అప్పుడే అది రెక్క బరువును కింది బందు మీదికి నెడుతుంది. అందం కోసం దాన్ని తిరగేసి పెట్టిన తలుపులు చాలా చూశాను, వాటిలో అధిక భాగం ముక్కు వాల్చినవే.

బిగించే ముందు రెక్క కర్ణాలు రెండూ కొలవండి. సమానంగా లేకపోతే మూలమట్టం తప్పినట్టే. రెక్క కింది అంచుకు, అంటే బిగించాక కుంచె దూరని ఆ భాగానికి, అప్పుడే రెండు మూడు పూతలు వేయించండి. నీరు తాగేది అక్కడి చట్టాల కొసలే. రెండు రెక్కల మధ్య 6 మిల్లీమీటర్ల సందు వదిలి, బయటి నుంచి పట్టీ కప్పాలి. మా ఇంట్లో ఆ సందు వదలలేదు. శ్రావణంలో రెక్కలు బిగుసుకుపోతే మేస్త్రి వచ్చి చిత్రిక పట్టాడు, సంక్రాంతి నాటికి చిటికెన వేలు దూరేంత ఖాళీ తేలింది. వానాకాలంలో బిగిసిన తలుపును ఎవరు చెప్పినా గీయించకండి.

తెరిచిన రెక్క గాలికి కొట్టుకోకుండా రెండు వైపులా కొక్కేలు, నేలలో దిగే టవర్ బోల్టులకు గొట్టాలు పెట్టించాలి. పాలిషు విషయంలో, ఇంటి లోపల వాడే మెలమైన్ ఎండకు పెచ్చులూడుతుంది. బయటి వాడకానికి తయారుచేసిన పీయూ (పాలీయురెథేన్) పూత గాని నూనె పూత గాని వేయించి, ఏటా తొలకరికి ముందు చూసుకుంటే చాలు.

మజూరీలో పదో వంతును మొదటి వానాకాలం గడిచేదాకా మీ దగ్గరే ఉంచుకుంటానని ముందే కాగితం మీద రాయించుకోండి. దసరా నాటికి మేస్త్రిని పిలిచి, వదులైన బోల్టులన్నీ మళ్లీ బిగించి, బందులకు గ్రీజు పెట్టించి, రెక్క అంచు వాలిందో లేదో మొదటి రోజు స్తంభం మీద పెట్టుకున్న పెన్సిల్ గుర్తుతో సరిచూసి, ఆ తరువాత ఆ డబ్బు చేతిలో పెట్టండి.