తాతయ్య ఫొటోలో తాతయ్యను చివర చూడండి

రెండో ప్రపంచ యుద్ధంలో మా తాతయ్య బర్మా వైపు మిలటరీ లారీ నడిపారు. ఆయన బాక్స్ కెమెరాతో తీసిన ముప్పై ఎనిమిది ఫొటోలు గుంటూరు అరండల్‌పేటలోని మా ఇంట్లో బిస్కెట్ల డబ్బాలో దొరికాయి. మీ ఇంట్లోనూ అలాంటి డబ్బా ఉంటే ముందు తుడవకండి, అతుక్కున్నవి లాగకండి, లామినేషన్‌కు అసలే ఇవ్వకండి. నేను ఇచ్చిన రెండు ఫొటోలకు స్టూడియో వాళ్ళు వెనక అట్ట అంటించేశారు. తాతయ్య చేతిరాత దాని కింద ఉండిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది.

స్కాన్ రెండు వైపులా, 600 డీపీఐలో (అంటే అంగుళానికి 600 చుక్కల స్పష్టతతో) చేయండి.

వెనక రాసిన తేదీని వెంటనే నమ్మొద్దు. ఒక ఫొటో మీద ‘బెజవాడ, 1944’ అని బాల్ పెన్‌తో ఉంది. మన ఊళ్ళకు బాల్ పెన్ వచ్చింది యుద్ధం అయ్యాకే. పైగా నదిలో గేట్ల వరస స్పష్టంగా కనిపిస్తోంది. ప్రకాశం బ్యారేజీ పూర్తయింది 1957లో. యుద్ధకాలంలో అక్కడున్నది 1855 నాటి పాత ఆనకట్ట. తాతయ్య అబద్ధం రాయలేదు, ఎన్నో ఏళ్ళకు గుర్తు తెచ్చుకుని రాశారు. పైట కుడి భుజం మీద కనిపిస్తే నెగెటివ్ తిరగేసి ప్రింట్ వేశారేమో చూడండి. బోర్డు మీది అక్షరాలు ఉంటే ఇట్టే తేలిపోతుంది.

తర్వాత మనుషులను వదిలేసి వాళ్ళ వెనక ఏముందో చూడండి. అసలు చరిత్ర అక్కడే ఉంటుంది. సెలవు మీద వచ్చినప్పుడు పెరట్లో ఎవరిచేతో తీయించుకున్న ఫొటోలో తాతయ్య యూనిఫాంలో నిలబడి ఉన్నారు. నేను చూసింది ఆ యూనిఫామే. ఎనభై ఎనిమిదేళ్ళ మా మేనత్త మాత్రం మూలనున్న కర్రను చూసి, “మంచినీళ్ళ కావడిరా అది! మన బావి ఉప్పు నీళ్ళు కదా” అంది. ఆ తర్వాత గంటసేపు చెరువు, బిందెలు, నీళ్ళు మోసినతనికి ఏడాదికోసారి కొలిచిచ్చే వడ్లు, అన్నీ చెప్పింది. పెద్దవాళ్ళను ‘ఇది ఏ సంవత్సరం?’ అని అడిగితే టెన్షన్ పడతారు. ‘ఈ వస్తువు ఏంటి?’ అని అడగండి.

ఫొటోలో లేనివి కూడా రాసుకోండి. 1944లో కలకత్తా దగ్గర పనిచేసిన అమెరికన్ సైనికుడు గ్లెన్ హెన్స్‌లీ అక్కడి వీధులను, మనుషులను ఫొటోలు తీశాడు. ఆయనకు అంతా కొత్త. మన ఇంటి సైనికుడికి వంటిల్లు కొత్త కాదు, అందుకే మా డబ్బాలో పొయ్యి ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. పొయ్యి ఎటు ఉండేదో మేనత్తను అడిగి, పెరటి ఫొటో పెట్టిన కవరు మీద పెన్సిల్‌తో రాశాను: బావికి ఎడమ పక్క, తాటాకు చూరు కింద.