టౌన్ స్టేషన్‌లో గస్తీ డ్యూటీ చెయ్యాలంటే: నల్లగొండ, పాలమూరు పిల్లల కోసం

"అన్నా, పెట్రోలింగ్ చేసే పోలీస్ కావాలంటే ఏ పోస్టుకు అప్లై చెయ్యాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ముందు అది తేల్చేద్దాం. మన దగ్గర గస్తీకి వేరే పోస్టు, వేరే నోటిఫికేషన్ ఉండవు. మిర్యాలగూడలోనో జడ్చర్లలోనో రాత్రిపూట బ్లూ కోల్ట్స్ బండి మీద తిరిగేవాళ్లు, వంద నంబర్‌కు ఫోన్ చేస్తే కారులో వచ్చేవాళ్లు, అందరూ ఆ స్టేషన్ సిబ్బందే, అందులో ఎక్కువమంది సివిల్ కానిస్టేబుళ్లు. కాబట్టి మీ గురి సివిల్ మీద ఉండాలి. ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) అంటే జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో గార్డు, ఎస్కార్టు, బందోబస్తు. స్పెషల్ పోలీస్ అంటే బెటాలియన్ జీవితం. అవీ గౌరవమైన ఉద్యోగాలే, కానీ వీధి వీధి తిరిగి జనంతో మాట్లాడే పని ఇష్టమున్నవాళ్లు పోస్టుల ప్రాధాన్యం పెట్టేటప్పుడు సివిల్‌నే మొదట పెట్టండి.

అర్హతలు త్వరగా చెప్పేస్తాను. ఇంటర్ పాసై ఉండాలి. ఎస్సీ, ఎస్టీలైతే టెన్త్ పాసై, ఇంటర్ రెండేళ్లు చదివి పరీక్షలు రాసి ఉంటే చాలు. ఎత్తు మగవాళ్లకు 167.6 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 152.5. వయసు మామూలుగా 18 నుంచి 22, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు ఇంకో ఐదేళ్లు. 2022 నోటిఫికేషన్‌లో అందరికీ అదనపు సడలింపు కూడా ఇచ్చారు కాబట్టి వయసు దాటిపోయిందని మీకు మీరే నిర్ణయించుకోకండి, నోటిఫికేషన్ వచ్చాక పుట్టిన తేదీల లైన్ చదివి అప్పుడు చూసుకోండి. సివిల్ పోస్టుల్లో మూడో వంతు ఆడవాళ్లకే ఉంటాయి. చెల్లెళ్లకు ఇది గట్టి అవకాశం, మన పల్లెల్లో ఇంకా చాలా ఇళ్లకు ఈ సంగతి చేరలేదు.

ఇక సర్టిఫికెట్లు. మన జిల్లాల పిల్లలు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. కానిస్టేబుల్ పోస్టులు జిల్లా కేడర్‌వి, 95 శాతం లోకల్ వాళ్లకే. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల తర్వాత లోకల్ ఎవరనేది 1 నుంచి 7 తరగతుల వరకు ఎక్కడ చదివారనే దాన్ని బట్టి తేలుస్తున్నారు. ఆ ఏడేళ్లలో నాలుగేళ్లు ఏ జిల్లాలో చదివితే ఆ జిల్లాకు లోకల్. ఊళ్లో నాలుగో తరగతి దాకా చదివి, ఐదు నుంచి పక్క జిల్లా గురుకులానికి పోయిన పిల్లలు టెన్షన్ పడాల్సిన పనిలేదు, నాలుగేళ్లు ఊరివే అయ్యాయి కదా. చిక్కంతా వలస పోయిన కుటుంబాల పిల్లలకు వస్తుంది. అమ్మానాన్నలు పాలమూరు నుంచి కూలికి హైదరాబాద్ పోతే అక్కడి బడిలో రెండేళ్లు, తిరిగొచ్చి ఊళ్లో ఒక ఏడాది, మళ్లీ ఇంకోచోట ఇంకో ఏడాది. ఇలా చదివినవాళ్లు ఇప్పుడే కూర్చుని ఏ తరగతి ఏ ఊళ్లో చదివారో కాగితం మీద రాసుకోండి, ఒక్కో బడికి వెళ్లి అక్కడ చదివినట్టు బోనఫైడ్ సర్టిఫికెట్ తెచ్చుకోండి. మూతపడ్డ ప్రైవేటు బడి అయితే రికార్డులు ఎక్కడున్నాయో మండల విద్యాధికారి ఆఫీసులో అడగండి. ముంబయి, పుణె బడుల్లో ఎక్కువ ఏళ్లు చదివినవాళ్లకు లోకల్ దగ్గర ఇబ్బంది రావచ్చు, వాళ్లు ఇంకా ముందే తేల్చుకోవాలి. నోటిఫికేషన్ వచ్చాక చూద్దాంలే అనుకుంటే మీరు గ్రౌండ్‌లో ఉండాల్సిన పొద్దున బడి గేటు ముందు నిలబడాల్సి వస్తుంది. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో లేదో, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక పడిందేమో కూడా చూసుకోండి. బీసీలు క్రీమీలేయర్‌లో (బాగా ఉన్నవాళ్ల లెక్కలో) లేమనే సర్టిఫికెట్ తహసీల్దార్ దగ్గర వేరుగా తీసుకోవాలి, మామూలు కుల సర్టిఫికెట్ ఒక్కటే సరిపోదు.

సెలక్షన్ మూడు మెట్లు: ప్రిలిమినరీ రాత పరీక్ష, ఈవెంట్స్ (పరుగు, లాంగ్‌జంప్, షాట్‌పుట్), ఫైనల్ రాత పరీక్ష. ఎంత టైం పడుతుందో తెలియాలంటే పోయినసారిది చూడండి. 2022 ఏప్రిల్‌లో నోటిఫికేషన్, ఆగస్టులో ప్రిలిమ్స్, డిసెంబర్‌లో ఈవెంట్స్ మొదలు, 2023 ఏప్రిల్ 30న ఫైనల్ పరీక్ష, ఎంపికైనవాళ్లు ట్రైనింగ్‌కు వెళ్లింది 2024లో. అంటే ఇంట్లో అన్నం పెట్టేవాళ్లు రెండేళ్లు ఓపిక పట్టాలి. ఆ మాట ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. పొద్దున గ్రౌండ్, పగలు ఏదో ఒక చిన్న పని, రాత్రి చదువు అన్నట్టు పెట్టుకుని నెగ్గినవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. సిటీలో హాస్టల్‌లో ఉంటేనే ఉద్యోగం వస్తుందనేది నిజం కాదు. బీసీ స్టడీ సర్కిల్, ఎస్సీ స్టడీ సర్కిల్ కోచింగ్‌లు ఉన్నాయి, టీ-శాట్ పాఠాలు ఇంట్లో టీవీలో, ఫోన్‌లో ఫ్రీగా వస్తాయి, నోటిఫికేషన్ సమయంలో జిల్లా పోలీసులే ఉచిత శిక్షణ పెట్టిన సందర్భాలూ ఉన్నాయి.

ప్రిలిమ్స్ 200 ప్రశ్నలు, మూడు గంటలు. 2022లో ఐదు తప్పులకు ఒక మార్కు కోత ఉండేది. అర్హత మార్కులు ఓసీలకు 60, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీలకు 40. ఇది వడపోత మాత్రమే, ఇక్కడి మార్కులు ముందుకు రావు. దీనికోసం ప్రాణం పెట్టి, ఫైనల్ నాటికి అలసిపోయేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఈవెంట్స్‌కు వద్దాం. మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో, లాంగ్‌జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. ఇవి 2022 లెక్కలు, అప్పుడు మూడూ పాస్ కావాల్సిందే. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. రౌండ్ నిమిషం నలభై సెకన్లకు కొడితే ఆరు నిమిషాల నలభైకి ముగుస్తుంది, అర నిమిషం పైనే చేతిలో ఉంటుంది. మొదటి రౌండ్ నిమిషం ఇరవైలో లాగేసి మూడో రౌండ్‌లో నడుం పట్టుకుని నడిచేవాళ్లే ఎక్కువగా పోతారు. అందుకే ప్రాక్టీసులో మొత్తం టైం కాదు, రౌండ్ రౌండ్‌కు టైం రాసుకోండి. రోజూ తారు రోడ్డు మీద పరుగెత్తకండి, మోకాలి కింద ముందు ఎముక నొప్పి పట్టుకుంటే వారాల తరబడి వదలదు. ఊళ్లో మట్టి గ్రౌండ్, చెరువు కట్ట ఏది ఉంటే అది వాడుకోండి. వారానికి రెండు రోజులు కాళ్లకు రెస్ట్ ఇవ్వడం కూడా ప్రాక్టీసులో భాగమే.

లాంగ్‌జంప్‌లో నాలుగు మీటర్లు దూకలేక పోయేవాళ్లకంటే అడుగు లైన్ దాటి ఫౌల్ అయ్యేవాళ్లే ఎక్కువ. మీ పరుగు ఎన్ని అడుగులో లెక్కపెట్టి, వెనక మొదలుపెట్టే చోట గుర్తు పెట్టుకుని, రోజూ అక్కడి నుంచే ఉరకండి. షాట్‌పుట్ విసిరేది కాదు, నెట్టేది. గుండును దవడ కింద మెడకు ఆనించి, మోకాళ్లు వంచి, తుంటి తిప్పుతూ లేచి నెట్టాలి. క్రికెట్ బంతిలా విసిరితే భుజం పోతుంది, గుండు మాత్రం ఐదు మీటర్లు కూడా దాటదు.

ఇప్పుడు అసలు మాట. సివిల్ పోస్టుకు ఈవెంట్స్‌లో మార్కులు లేవు, పాసైతే చాలు. ఏఆర్‌కు, స్పెషల్ పోలీస్‌కు ఈవెంట్స్ మార్కులు కలుస్తాయి, సివిల్‌కు ఫైనల్ రాత పరీక్ష 200 మార్కులే తేలుస్తాయి. గ్రౌండ్‌లో మొదట వచ్చినవాళ్లు ఇంటికి పోయి, ఆఖరి సెకన్లలో గీత దాటినవాళ్లు యూనిఫాం వేసుకున్నారంటే కారణం అదే. అర్థమెటిక్, రీజనింగ్ మన పల్లె బడుల పిల్లలు భయపడి చివరికి తోసేస్తారు, నేనైతే రోజు మొదలయ్యేదే వాటితో పెట్టుకోమంటాను, ఎందుకంటే చేతికి అలవాటైతే మార్కు పోయే అవకాశం తక్కువ. జనరల్ సైన్స్, చరిత్ర, భూగోళానికి ఆరు నుంచి పది దాకా ప్రభుత్వ బడి పుస్తకాలు తిరగెయ్యండి. తెలంగాణ చరిత్రలో మన జిల్లాల వాటా పెద్దది, సాయుధ పోరాటం నల్లగొండ పల్లెల్లోనే కదా రాజుకుంది. చదువుతున్న ఊళ్ల పేర్లు మీకు తెలిసినవే కావడం వల్ల త్వరగా గుర్తుంటాయి.

డబ్బులిస్తే ఉద్యోగం ఇప్పిస్తామని తిరిగే మనిషి మీ మండలంలోనూ ఉంటాడు. పరీక్ష ఓఎంఆర్ మీద, పరుగు ఎలక్ట్రానిక్ చిప్‌తో, ఎత్తు మెషిన్‌తో కొలిచే చోట అతను చేసేదేమీ లేదు. పొలం అమ్మి అతని చేతిలో పెట్టకండి.

ఇంకోటి, కేసులు. ఊళ్లో గొడవలో పేరు పడి, తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయిన కేసైనా సరే, ఎంపికయ్యాక మీ వివరాలు రాసిచ్చే అటెస్టేషన్ ఫారంలో అడిగిన చోట రాయండి. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీని మీద వివరంగా చెప్పింది: చిన్న కేసు ఉందని నిజం రాసినవాళ్ల విషయంలో అధికారులు ఆలోచించి నిర్ణయం తీసుకోవచ్చు, దాచిపెట్టడం మాత్రం ఉద్యోగానికే ఎసరు. పండగ రోజు బైకు ర్యాలీకి రమ్మని పిలిచే స్నేహితులకు ఈ రెండేళ్లు కాస్త దూరంగా ఉండండి.

ట్రైనింగ్ తొమ్మిది నెలలు. పీటీ, పరేడ్, ఆయుధాలు, మధ్యాహ్నం చట్టం క్లాసులు. పొద్దున పరేడ్ చేసి వచ్చాక క్లాసులో కళ్లు మూతపడతాయి, అయినా నిద్ర ఆపుకోండి, తర్వాత గస్తీలో మీకు అన్నం పెట్టేది ఆ క్లాసే. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి కాబట్టి పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ల నోట్సు బట్టీ పట్టకండి. ఎఫ్ఐఆర్ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 173లో ఉంది, సంఘటన ఏ స్టేషన్ పరిధిలో జరిగినా కేసు తీసుకోవాలని అక్కడే రాసి ఉంది. సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం దాకా ఆడవాళ్లను అరెస్టు చెయ్యకూడదు, తప్పనిసరైతే మహిళా అధికారి మెజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. రాత్రి డ్యూటీలో ఎవరో పెద్దమనిషి ఒత్తిడి పెడితే మీరు నిలబడాల్సింది ఈ వాక్యం మీదే.

ఉద్యోగంలో జీతం స్కేలు 24,280 నుంచి మొదలవుతుంది, అలవెన్సులు వేరు. ఇక డ్యూటీ. రాత్రి గస్తీ అంటే బ్యాంకు, ఏటీఎం, గుడి, బంగారం షాపుల దగ్గర పాయింట్ బుక్‌లో టైం వేసి సంతకం పెట్టడమే అనుకుంటారు. సంతకం ఒక నిమిషం పని. బండి ఆపి షట్టర్ తాళం చేత్తో పట్టుకుని చూడండి, వెనక సందులోకి టార్చ్ కొట్టండి, రోజూ వెలిగే బల్బు ఇవాళ ఎందుకు వెలగలేదో అక్కడి వాచ్‌మన్‌ను అడగండి. రోజూ ఒకే టైంకి ఒకే వరుసలో తిరిగితే దొంగకు మీరే టైం టేబుల్ ఇచ్చినట్టు. వరుస మార్చండి.

మన దగ్గర కోతల కాలంలో ఇంకో పని ఉంటుంది. మిర్యాలగూడ, హాలియా వైపు రోడ్డు సగం వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్లు పెట్టి, రాత్రి నల్ల టార్పాలిన్ కప్పుతారు. చీకట్లో బైకు మీద వచ్చేవాళ్లకు అది కనపడదు. రైతును తిట్టి కేసు రాస్తే మరుసటి రాత్రి వడ్లు ఇంకో వంద మీటర్ల అవతల ఉంటాయి. సాయంత్రమే వెళ్లి, మార్కెట్‌లో జాగా లేక పోసుకున్న ఆయన బాధ విని, రాళ్లు తీయించి, రోడ్డు మీంచి పక్కకు కుప్ప చేయించండి. రిఫ్లెక్టర్ లేని ట్రాక్టర్ ట్రాలీలను ఆపి వెనక రేడియం స్టిక్కర్ అతికించడం కూడా ఇలాంటిదే. జరగని యాక్సిడెంట్ ఏ రికార్డులోనూ ఎక్కదు, అయినా గస్తీలో ఇంతకంటే మంచి పని నాకు కనపడలేదు.

65వ నంబర్ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూర్ స్టేషన్లలో పడ్డవాళ్లకు యాక్సిడెంట్లే సగం డ్యూటీ. దెబ్బలు తగిలినవాళ్లను ఆసుపత్రికి తెచ్చినవాళ్లను సాక్ష్యం పేరుతో స్టేషన్‌కు తిప్పకండి, మోటారు వాహనాల చట్టం 134ఏ వాళ్లకు రక్షణ ఇస్తుంది. మీరు మర్యాదగా పంపిస్తేనే ఇంకోసారి ఇంకో బండి ఆగుతుంది.

భాష కూడా చూసుకోండి. దేవరకొండ వైపు పోస్టింగ్ అయితే నాలుగు ముక్కలు లంబాడీ, మహబూబ్‌నగర్ టౌన్‌లో ఉర్దూ, నారాయణపేట, మక్తల్ వైపు కన్నడం. తాగి గొడవ చేస్తున్న మనిషితో అతని భాషలో రెండు మాటలు మాట్లాడితే లాఠీతో పనిలేకుండా పోయిన రాత్రులు ఎన్నో ఉంటాయి. పెద్దవాళ్లను పెద్దయ్యా, అమ్మా అనండి. ఫిర్యాదుకు వచ్చిన ముసలామెకు ముందు కుర్చీ వేసి, తర్వాత పేరు అడగండి.

పోస్టింగ్ వచ్చిన మొదటి వారం సీనియర్ హెడ్ కానిస్టేబుల్ వెంట బీట్ (మీకు అప్పగించిన గస్తీ ప్రాంతం) మొత్తం కాలినడకన తిరగండి. 108 డ్రైవర్, కరెంటు లైన్‌మన్, గుడి పూజారి, మసీదు కమిటీ పెద్ద, బస్టాండ్ కంట్రోలర్, తెల్లవారుజామున తెరిచే టీ కొట్టు ఆయన, వీళ్ల నంబర్లు ఫోన్‌లోనే కాదు, జేబులో చిన్న పుస్తకంలో కూడా రాసుకోండి, రాత్రి డ్యూటీలో ఫోన్ ఛార్జింగ్ అర్ధరాత్రి దాటి రెండింటికే అయిపోతుంది.