కొరివి దెయ్యం: శరత్కాలపు రాత్రికి ఇంట్లో చేసుకునే కాక్‌టెయిల్

హాలోవీన్ రాత్రికి, అంటే అక్టోబరు 31కి, పాశ్చాత్య దేశాల వారు చేసుకునే పానీయాల్లో యాపిల్ సైడరు, మేపుల్ పాకం వంటివి తరచుగా కనిపిస్తాయి. వాటిని అమలాపురంలోనో భీమవరంలోనో వెతికి తెచ్చుకోవడం ఒక శ్రమ అయితే, తెచ్చుకున్నా మన శరత్కాలానికి అవి నప్పకపోవడం మరో చిక్కు. అక్కడ అది ఆకులు రాలి చలి మొదలయ్యే సమయం. గోదావరి డెల్టాలో మాత్రం సార్వా వరి పాలు పోసుకుంటూ, తుపాను కబురు ఎప్పుడు వినవలసి వస్తుందోనని రైతు ఆకాశం వైపు చూస్తూ, రాత్రి పది గంటలకు కూడా ఉక్క తగ్గని రోజులవి. అందువల్ల ఇక్కడ చెప్పబోయేది చల్లని పానీయం. మద్యం, పంచదార, రెండు మూడు దినుసులు కొనుక్కుంటే, మిగిలినవన్నీ పెరట్లోనో సంతలోనో దొరుకుతాయి.

దీనికి నేను పెట్టుకున్న పేరు కొరివి దెయ్యం. చీకట్లో చేల మధ్య దూరంగా ఒక వెలుగు కదిలితే, అది కొరివి పట్టుకుని తిరిగే దెయ్యమని చెప్పి పిల్లలను ఇంట్లోకి తోలడం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. ఈ గ్లాసులోనూ అడుగున నారింజ రంగు మంట ఉంటుంది, దాని మీద ముదురు నీలపు చీకటి నిలుస్తుంది. మంట తీపి గుమ్మడికాయ నుంచి, చీకటి శంఖుపుష్పం నుంచి వస్తాయి.

శంఖుపుష్పాన్నే దింటెన అని కూడా అంటారు. తెల్లపూల రకంలో రంగు ఉండదు కనుక నీలిపూల తీగనే చూసుకోవాలి. పురుగుమందు కొట్టని తీగ అయి ఉండాలి. పూరేకులు తప్ప గింజలు, వేర్లు వాడకూడదు. నాలుగు గ్లాసులకు తాజా పూలు పాతిక కోసి, పసరు వాసన రాకుండా ఆకుపచ్చని తొడిమలు తుంచివేసి, మరిగించి దించిన 600 మి.లీ. నీళ్లలో వేసి, పది నిమిషాలు మూత పెట్టి ఉంచి వడకట్టాలి. ఎండుపూలయితే ఇరవై చాలు. నేను మొదటిసారి చేసినప్పుడు మా బోరు నీళ్లే వాడాను; నీలం రావలసిన చోట చెరువు నాచులాంటి ఆకుపచ్చ ఛాయ వచ్చింది. ఈ పువ్వులోని ఆంథోసయనిన్ అనే వర్ణద్రవ్యం క్షారం తగిలితే ఆకుపచ్చకు, పులుపు తగిలితే ఊదాకు మారుతుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్ల సంగతి మనకు తెలిసినదే కనుక, తాగడానికి తెచ్చుకునే క్యాన్ నీళ్లే దీనికీ వాడాలి. కషాయం చల్లారాక మూడో వంతు తీసి ఐసు ట్రేలో పోసి గడ్డ కట్టిస్తే, ఐసు కరిగినా గ్లాసులో రంగు పలచబడదు. రొయ్యల పెట్టెల కోసం ఫ్యాక్టరీల్లో అమ్మే ఐసు సులువుగా దొరుకుతుంది గానీ, అది తాగే వాటిలో వేయదగినది కాదు.

గుమ్మడి పాకానికి దప్పళంలో వేసే తీపి గుమ్మడికాయే కావాలి. గుమ్మం మీద వేలాడదీసే బూడిద గుమ్మడి పనికిరాదు. (దెయ్యాల రాత్రికి వాళ్లు గుమ్మడికాయకు కళ్లు, నోరు చెక్కి వాకిట్లో పెట్టుకుంటే, మనం దిష్టికి గుమ్మడికాయ కట్టుకుంటాం, ఈ ఒక్క విషయంలో ఇరువురికీ బాగానే కుదిరింది.) చెక్కు తీసిన 150 గ్రాముల ముక్కలను మెత్తగా ఆవిరి మీద ఉడికించి, 100 మి.లీ. నీళ్లతో మిక్సీ పట్టి, పలచని గుడ్డలో వడకట్టాలి. ఆ రసంలో 150 గ్రాముల పంచదార, అంగుళం దాల్చిన చెక్క, రెండు లవంగాలు, చిన్న శొంఠి ముక్క వేసి, సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు కాచి దించాలి. దినుసులను పొడి చేసి వేస్తే పాకం మట్టి రంగుకు తిరుగుతుంది. లవంగాలు రెండుకు మించితే నాలుక మొద్దుబారుతుంది. బెల్లం రుచికి బాగుంటుందని నేనూ ఒప్పుకుంటాను, కాని మంట రంగు చచ్చిపోతుంది కనుక ఈసారికి పంచదారతోనే సరిపెట్టుకోవాలి. పాకం పూర్తిగా చల్లారాక దినుసులు ఏరివేసి సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే నాలుగు రోజులు నిలుస్తుంది.

ఇక దెయ్యం కన్ను. దీనికి నీళ్ల బొండంలోని లేత కొబ్బరి కావాలి. మరీ మీగడలా జారిపోయేది కాకుండా, గరిటెతో తీస్తే వేలి మందాన అట్టులా లేచి వచ్చేది చూసి ఎంచుకోవాలి. శుభ్రంగా కడిగిన సీసా మూతను దాని మీద బోర్లించి నొక్కితే గుండ్రని తెల్ల బిళ్ల వస్తుంది. బిళ్ల నడుమ చిన్న గుంట చేసి, సగానికి కోసిన నల్లద్రాక్షను కోసిన వైపు లోపలికి పోయేలా అందులో కూర్చాలి. తరువాత బీట్‌రూట్ రసంలో ముంచిన సూదిమొనతో ద్రాక్ష చుట్టూ నాలుగైదు సన్నని గీతలు గీస్తే, నిద్రలేని కంటి ఎర్రజీరలు అచ్చం అలాగే వస్తాయి. రసం ఎక్కువైతే గీతలు అలుక్కుపోతాయి కనుక మొనను ఒకసారి గుడ్డకు అద్ది గీయడం మంచిది. రెండేసి కళ్లను కడిగిన కొబ్బరి ఈనెకు గుచ్చి గ్లాసు అంచుల మీద అడ్డంగా పెట్టాలి. ప్లాస్టిక్ పుల్లల కన్నా ఈనె నిలకడగా ఉంటుంది, చూపుకూ బాగుంటుంది.

మద్యం విషయానికి వస్తే, వైట్ రమ్ము గాని వోడ్కా గాని సరిపోతుంది. విస్కీ, బ్రాందీ, డార్క్ రమ్ము నీలాన్ని పాడుచేస్తాయి. గ్లాసుకు 45 మి.లీ. కొలత దాటించవలసిన అవసరం లేదు. నాటుసారా జోలికి ఎట్టి పరిస్థితిలోనూ పోకూడదు, ఎందుకంటే అందులో మిథనాల్ కలిసి ఉంటే చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో మద్యం కొనడానికి 21 ఏళ్లు నిండి ఉండాలన్నది గుర్తుంచుకుని అతిథులను పిలవాలి, తాగినవారిని రాత్రికి అక్కడే పడుకోమనాలి. కాలువగట్టు రోడ్డు మీద చీకట్లో బండి నడపనివ్వకూడదు.

కలిపే పని చివరి పది నిమిషాల్లో పెట్టుకోవాలి. 300 మి.లీ. పట్టే నిలువు గాజు గ్లాసు అడుగున 30 మి.లీ. గుమ్మడి పాకం అంచులకు అంటకుండా పోసి, నీలి ఐసు ముక్కలు నాలుగు నెమ్మదిగా జారవిడవాలి. వేరే గిన్నెలో 90 మి.లీ. చల్లని కషాయంలో 45 మి.లీ. రమ్ము కలిపి, గ్లాసు లోపలి గోడకు చెంచాను బోర్లించి ఆనించి, దాని వీపు మీదుగా సన్నని ధారగా వదలాలి. పంచదార నిండిన పాకం బరువైనది, రమ్ము కలిసిన కషాయం తేలికైనది కనుక రెండూ విడివిడిగా నిలుస్తాయి. తొందరపడి ధార పెద్దది చేస్తే మాత్రం రెండూ కలిసి బురదనీళ్లలా తయారవుతాయి. చెంచాతో తిప్పినా అదే గతి పడుతుంది గనుక, దీన్ని పైనుంచి మెల్లగా చప్పరిస్తూ, తీపి కావాలనుకున్నప్పుడు గొట్టం అడుగుకు దించి తాగాలి.

కార్తీకంలో మద్యం ముట్టనివారు మన ఇళ్లలో చాలామంది ఉంటారు. 2024లో హాలోవీన్ దీపావళి నాడే వచ్చింది, 2025లో కార్తీకం మొదలయ్యాక వచ్చింది. అలాంటివారికీ పిల్లలకూ రమ్ముకు బదులు అంతే కొలత కొబ్బరినీళ్లు పోస్తే రంగు, పొరలు దాదాపు అలాగే వస్తాయి. గ్లాసులు తారుమారు కాకుండా, మద్యం లేని వాటికి ఈనె కొసన తాటాకు ముక్క గుచ్చి ఉంచాలి.

నిమ్మరసాన్ని ముందుగా కలపకూడదు. చిన్న గిన్నెల్లో రెండేసి చెంచాల రసం పోసి, గ్లాసుతో పాటు ఎవరిది వారికి ఇవ్వాలి. లైట్లు ఆర్పి, టార్చి వెలిగించిన ఫోనును వెలుగు పైకి వచ్చేలా బల్ల మీద బోర్లా పెట్టి, దాని మీద గ్లాసు ఉంచితే అడుగున గుమ్మడి పాకం నిప్పులా వెలుగుతుంది. దీపం వాడాలనుకుంటే రమ్ము సీసాను దూరంగా తీసిపెట్టాలి. అప్పుడు అతిథి తన చేత్తో రసం పోస్తే, నీలంలోకి ఊదారంగు తీగలు వంకరలు తిరుగుతూ దిగుతాయి, క్షణాల్లో పై భాగమంతా ఊదాగా మారిపోతుంది, అడుగున మంట మాత్రం ఉన్నచోటే వెలుగుతూ ఉంటుంది.