మారిపోసా కౌంటీలో అరెస్టు రికార్డు: దొరకకపోతే ఏం చేయాలి, సీల్ కాకపోతే ఏం చేయాలి

కాలిఫోర్నియాలోని మారిపోసా కౌంటీ జనాభా 2020 లెక్కల ప్రకారం 17 వేల పైచిలుకు మాత్రమే. మున్సిపాలిటీ హోదా ఉన్న ఊరు ఒక్కటీ లేదు కాబట్టి అక్కడ నగర పోలీసు శాఖ కూడా లేదు. అయితే యోసెమిటీ జాతీయ పార్కులోని లోయ ఆ కౌంటీ హద్దుల్లోనే ఉండడం వల్ల, శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉండే బే ఏరియా నుంచి వారాంతాల్లో బయలుదేరే తెలుగు కుటుంబాలకూ విద్యార్థులకూ ఆ దారులు బాగా పరిచయం. ఆ దారిలో అరెస్టయి, తర్వాత కేసు నిలవక బయటపడినవారు ఆ సంగతి మరిచిపోతారు. గ్రీన్ కార్డు దరఖాస్తో కొత్త ఉద్యోగమో ఎదురైనప్పుడు మళ్లీ ఆ కాగితం కోసం వెతుకులాట మొదలవుతుంది. ఇక్కడ చెప్పేది శిక్ష పడని అరెస్టుల గురించి మాత్రమే. సీల్ చేయడమంటే అలాంటి రికార్డు బయటివారికి కనిపించకుండా కోర్టు ఉత్తర్వుతో మూసివేయడం.

సమస్య: ఇంటర్నెట్‌లో వెతికితే ఏమీ కనిపించదు, కోర్టును అడిగితే ఆ పేరు మీద కేసే లేదంటారు.

ఇంటర్నెట్‌లో కనిపించకపోవడం తప్పు కాదు. కాలిఫోర్నియా కోర్టు నియమం 2.503 ప్రకారం క్రిమినల్ కేసుల ఎలక్ట్రానిక్ రికార్డులను చాలావరకు ప్రజలు కోర్టు భవనంలోనే చూడాలి, ఇంటి నుంచి చూసే వీలు ఉండదు. కోర్టులో కూడా లేదంటే మాత్రం కారణం వెతకాలి. ఆ కారణం చాలాసార్లు అరెస్టు చేసింది ఎవరన్న ప్రశ్నలోనే ఉంటుంది.

పార్కు హద్దు లోపల రేంజర్లు (పార్కు రక్షకులు) పట్టుకుంటే అది ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ వ్యవహారం. యోసెమిటీ పూర్తిగా ఫెడరల్ అధికార పరిధిలోని భూమి. అక్కడి కేసులు లోయలోనే ఉన్న ఫెడరల్ మేజిస్ట్రేట్ కోర్టుకు వెళతాయి తప్ప కౌంటీలోని రాష్ట్ర కోర్టు అయిన సుపీరియర్ కోర్టు గడప తొక్కవు. అదే 140వ నంబరు రహదారి మీద, పార్కు బయట, రాష్ట్ర రహదారి పోలీసులైన హైవే పెట్రోల్ ఆపితే కేసు కౌంటీది. అప్పుడు కూడా కాగితాలు ఒకే చోట ఉండవు: అరెస్టు నివేదిక హైవే పెట్రోల్ దగ్గర, జైలు బుకింగ్ (నమోదు) వివరాలు కౌంటీ పోలీసు అధికారి అయిన షెరీఫ్ దగ్గర, కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ప్రభుత్వం తరఫున కేసులు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ దగ్గర ఉంటాయి. కేసు పెట్టకపోతే కోర్టులో ఫైలే పుట్టదు. కాబట్టి కోర్టులో లేదన్నంత మాత్రాన అరెస్టు రికార్డు లేదని సంతోషించడానికి వీల్లేదు. ఇంకో చిన్న సంగతి: ఫిష్ క్యాంప్ మారిపోసాలో ఉంటుంది, 41వ నంబరు రహదారి మీద కొంచెం దిగువన ఉన్న ఓక్‌హర్స్ట్ మడేరా కౌంటీలో ఉంటుంది. చీకట్లో ఆపిన చోటు ఏ కౌంటీదో డ్రైవరుకు గుర్తుండదు.

పరిష్కారం అరెస్టు నాడు అధికారి చేతికిచ్చిన చీటీలోనే ఉంది. దాని పైభాగంలో అరెస్టు చేసిన సంస్థ పేరు, కింద హాజరు కావలసిన కోర్టు చిరునామా ముద్రించి ఉంటాయి. చీటీ పోగొట్టుకుంటే రాష్ట్ర న్యాయశాఖ నుంచి సొంత నేర చరిత్ర తెప్పించుకోవాలి. బీసీఐఏ 8016ఆర్ఆర్ అనే ఫారం తీసుకుని వేలిముద్రలను కంప్యూటరులో తీసే లైవ్ స్కాన్ కేంద్రంలో వేలిముద్రలు ఇవ్వాలి. న్యాయశాఖ రుసుము 25 డాలర్లు, వేలిముద్రలు తీసేవారి కూలి వేరు. ఫెడరల్ అరెస్టు అనుకుంటే ఎఫ్‌బీఐ నుంచి 18 డాలర్లకు ఐడెంటిటీ హిస్టరీ సమ్మరీ (వారి దగ్గరున్న సొంత నేర చరిత్ర) తెప్పించుకోవచ్చు.

సమస్య: అరెస్టు జరిగిన మాట నిజం, కోర్టులో కేసు నడిచిన మాటా నిజం, అయినా పేరుతో దొరకదు.

ఇది ప్రత్యేకంగా మనవాళ్ల సమస్య. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉన్నవారికి అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్లి, అసలు పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. పేరు తెలియదు అని దాని అర్థం. వెంకట సాయి కృష్ణ అనే కుర్రవాడు జైలు రిజిస్టరులో ఒకచోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ గానూ, ఇంకోచోట ‘కృష్ణ, వెంకట’ గానూ, మరోచోట రెండు ముక్కలూ కలిసిపోయి ‘వెంకటసాయి’ గానూ ఉండగలడు. పుట్టిన తేదీతో సరిచూద్దామంటే, కోర్టు ఎలక్ట్రానిక్ సూచికలో పుట్టిన తేదీతోనూ లైసెన్సు నంబరుతోనూ ప్రజలు వెతకడానికి అనుమతించకూడదని 2021లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు తీర్పు ఇచ్చింది. కనుక స్పెల్లింగే దిక్కు. షెరీఫ్ రికార్డుల దగ్గర మాత్రం తేదీ గొడవ వేరే ఉంది: మనం రోజు ముందు రాస్తాం, వారు నెల ముందు రాస్తారు, 07-04 కాస్తా 04-07 అవుతుంది.

కౌంటరు దగ్గరికి ఒక్క పేరుతో వెళ్లకుండా, పాస్‌పోర్టు, వీసా, డ్రైవింగ్ లైసెన్సు మీద ఉన్న రూపాలన్నిటినీ, ఇంటిపేరు ముందు ఒకసారి వెనుక ఒకసారి పెట్టి, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాలి. అరెస్టు తేదీ కూడా అందులో రాస్తే చిన్న కోర్టులో గుమస్తా పని సులువవుతుంది. నా లెక్కన ఈ ఒక్క కాగితమే సగం పని చేస్తుంది.

సమస్య: సీల్ చేయమని పెట్టిన పిటిషన్ తిరిగి వచ్చింది, లేదా కొట్టివేశారు.

శిక్ష పడని అరెస్టును సీల్ చేయించే హక్కు పీనల్ కోడ్ 851.91 సెక్షన్ ద్వారా 2018 జనవరి 1 నుంచి వచ్చింది. పిటిషన్ ఫారం సీఆర్-409, న్యాయమూర్తి సంతకం చేసే ఉత్తర్వు సీఆర్-410. కొట్టివేయడానికి ముఖ్యమైన కారణం తొందరపాటు: కేసు పెట్టని అరెస్టు విషయంలో, ఇక పెట్టడానికి వీల్లేనంత కాలం గడిచిపోవాలి. మామూలుగా మిస్‌డెమీనర్‌కు (చిన్న నేరానికి) ఏడాది, చాలా ఫెలనీలకు (పెద్ద నేరాలకు) మూడేళ్లు. రెండో కారణం, దరఖాస్తుదారు తనకు శిక్ష పడలేదని పొరబడడం. జరిమానా కట్టి వచ్చేశాను, జైలుకు పోలేదు కదా అంటారు. కానీ ‘నో కాంటెస్ట్’ (ఆరోపణను ఎదిరించను) అని ఒప్పుకుని జరిమానా కట్టినా అది శిక్షే, దానికి ఈ సెక్షన్ వర్తించదు. మూడోది నోటీసు లోపం. పిటిషన్ ప్రతిని డిస్ట్రిక్ట్ అటార్నీకి, అరెస్టు చేసిన సంస్థకు విచారణకు కనీసం 15 రోజుల ముందే అందజేయాలి. హైవే పెట్రోల్ పట్టుకుంటే షెరీఫ్‌కు నోటీసు ఇచ్చి ఊరుకోవడం తరచుగా జరిగే పొరపాటు.

2022 జూలై నుంచి న్యాయశాఖ కొన్ని పాత అరెస్టులకు ఎవరూ అడగకుండానే ఇలాంటి ఉపశమనం ఇస్తోంది కాబట్టి, పిటిషన్ పెట్టే ముందే రాష్ట్ర రికార్డు తెప్పించుకోవడం మంచిది. ఫెడరల్ అరెస్టులకు ఈ రాష్ట్ర చట్టం ఏదీ పనికిరాదు. వాటికి ఇలాంటి సాధారణ సీలింగ్ చట్టమే లేదు.

సమస్య: సీల్ అయింది, అయినా బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో కనిపిస్తోంది.

ప్రైవేటు కంపెనీలు పాత సమాచారాన్ని ఎప్పుడో కొని పెట్టుకుంటాయి, ఉత్తర్వు సంగతి వాటికి తెలియదు. ఉత్తర్వు ప్రతిని జతచేసి రాతపూర్వకంగా వివాదం లేవనెత్తితే, ఫెడరల్ చట్టం ప్రకారం వారు మామూలుగా 30 రోజుల్లో పరిశీలించి తేల్చాలి. బుకింగ్ ఫొటో తీసేయడానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లకు పైసా కూడా ఇవ్వకూడదు. కాలిఫోర్నియాలో అలా వసూలు చేయడం 2015 నుంచి చట్టవిరుద్ధం.

సమస్య: సీల్ చేయించాను కదా అని ఇమిగ్రేషన్ ఫారంలో ‘అరెస్టు లేదు’ అని రాశారు.

అన్నిటికన్నా ఖరీదైన తప్పు ఇదే. రాష్ట్ర చట్టం దృష్టిలో అరెస్టు జరగనట్టే లెక్క, ప్రైవేటు ఉద్యోగ దరఖాస్తులో లేదనే చెప్పవచ్చు. ఇమిగ్రేషన్ అధికారులకు మాత్రం ఆ లెక్క చెల్లదు. పౌరసత్వపు ఎన్-400, గ్రీన్ కార్డు ఐ-485 దరఖాస్తులు సీల్ అయిన వాటిని కూడా చెప్పమంటాయి; వీసాకు నింపే డీఎస్-160 క్షమాభిక్ష పొందిన అరెస్టును కూడా అడుగుతుంది. వేలిముద్రలు ఎఫ్‌బీఐ దగ్గర ఉన్నప్పుడు దాచిన అరెస్టు బయటపడుతుంది. అప్పుడు అరెస్టు కన్నా అబద్ధం పెద్ద నేరమై కూర్చుంటుంది. పొరపాటున అలా రాసినవారు తామే సర్దుకోబోకుండా, ఇంటర్వ్యూకు ముందే ఇమిగ్రేషన్ న్యాయవాది చేత సవరణ పెట్టించాలి.

ఇంకా పిటిషన్ పెట్టనివారు చేయవలసిన పని వేరు. ముందుగా కోర్టు నుంచి కేసు ముగింపు తెలిపే ధ్రువీకృత ప్రతులు, కేసు పెట్టకపోతే ఆ మేరకు డిస్ట్రిక్ట్ అటార్నీ కార్యాలయం ఇచ్చే లేఖ, అరెస్టు నివేదిక తీసుకోవాలి. ఆ తర్వాతే సీల్‌కు వెళ్లాలి. సీల్ అయ్యాక కూడా సొంత రికార్డు అడిగే హక్కు ఉంటుంది గానీ, ‘అరెస్టు సీల్ అయింది’ అన్న ముద్ర పడ్డ ఫైలును గుమస్తా చేత బయటికి తీయించడం శ్రమతో కూడిన పని. ధ్రువీకృత ప్రతులు కనీసం మూడు తీసుకుని, ఒకటి న్యాయవాదికి ఇచ్చి, రెండు పాస్‌పోర్టుతో పాటు భద్రపరచుకోవాలి.